1903 నాటి రెండు ప్రయాణములు: విదేశములలోని తెలుగు యౌవనస్థుల మధ్య సువార్త పరిచర్యపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

మిషనరీ చరిత్ర అనగానే మన సంఘములలో ఒక దిశ స్థిరపడిపోయినది. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే, 1842లో గుంటూరు చేరిన హేయర్, 1866లో ఒంగోలులో స్థిరపడిన క్లౌ, వీరందరు పడమటి దేశముల నుండి మన యొద్దకు వచ్చినవారు. పంపినవారు వారు, పొందినవారు మనము. ఈ దిశ మారిన సందర్భము ఏదని అడిగితే, ముఖ్యముగా బాప్టిస్టు సంఘములలో, వినిపించు పేరు జాన్ రంగయ్య. 1903లో తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ ఆయనను దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు పంపినది. తెలుగు విశ్వాసుల కానుకలతో సముద్రము దాటిన తెలుగు కాపరి ఆయన.

ఈ చరిత్రను మనము ఎక్కువగా స్ఫూర్తి కొరకే చెప్పుకుంటున్నాము. యౌవనుల కూటములలో దీనిని విన్నవారు, మనము కూడా పంపగలవారమే అను ధైర్యముతో ఇంటికి వెళ్తారు. అది మంచిదే. అయితే స్ఫూర్తి కథగా మిగిలిపోయిన చరిత్ర పరీక్షకు నిలువదు, పాఠము కూడా నేర్పదు. విదేశములలోని తెలుగు సంఘములకు నేడు మన వేదాంత కళాశాలల నుండి కాపరులు వెళ్తున్నారు. రంగయ్య పరిచర్యా విధానము ఎక్కడ ఫలించినది, ఎక్కడ ఆగిపోయినది అని వారి నిమిత్తము అడుగవలసియున్నది. ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్నను అదే సంవత్సరములో ఆరంభమైన మరొక మిషనరీ ప్రయత్నము ప్రక్కన పెట్టి పరిశీలిస్తాము.

చారిత్రక నేపథ్యము

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 342 మందితో డర్బను రేవు చేరినది. నాటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాలుకు కొనిపోబడినారు. వారిలో తమిళులతో పాటు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల ప్రజలు కూడా ఉన్నారు. ఐదేండ్ల ఒప్పందముపై చెరకు తోటలలో, తేయాకు తోటలలో, గనులలో, రైలు మార్గములలో వారు పనిచేశారు. ఒప్పందము ముగిసిన తరువాత అక్కడే నిలిచిపోదలచిన వారిపై 1895 నాటి చట్టము ఏటా 3 పౌండ్ల పన్ను విధించినది. ఆ పన్ను 1914లో గాని రద్దు కాలేదు.

ఈ కూలీలలో కొందరు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో బాప్తిస్మము పొంది, విశ్వాసమును మూటగట్టుకొని వెళ్లినవారు. కాపరి లేని ఆ మందకు రంగయ్య పంపబడినారు. లీజ్ హ్యూలెట్ అను తోట యజమానికి చెందిన కియర్స్‌నీ తేయాకు తోట ప్రాంతములో 1903లోనే తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపించబడినది. అక్కడ మొదలైన పని ఇతర తోటలకు, పట్టణములకు వ్యాపించినది. రంగయ్య 1915లో మరణించారు.

ఇక రెండవ ప్రయాణము. అదే 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దాని స్థాపకులలో ప్రముఖుడైన వి. యస్. అజరయ్య తమిళుడు. ఆ సొసైటీ తన పనికి ఎన్నుకున్నది తమిళ ప్రాంతమును కాదు, నిజాము రాజ్యములోని దోర్నకల్లు ప్రాంతమును. అజరయ్య స్వయముగా అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగు గ్రామములలో బోధించారు. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై 1945లో మరణించు వరకు ఆ ప్రజల మధ్యనే జీవించారు. రంగయ్య సముద్రము దాటి వెళ్లి స్వభాషలో బోధించగా, అజరయ్య స్వదేశములోనే ఉండి పరభాష నేర్చుకున్నారు. ఈ తేడా మా విమర్శకు ఆధారము.

రంగయ్య విధానములోని బలము

మొదట న్యాయముగా చెప్పవలసినది చెప్పవలెను. తోట కూలీ జీవితము మనిషికి ఉన్న గుర్తింపును అంకెగా మార్చివేసినది. వచ్చిన ప్రతి కూలీకి ఒక సంఖ్య ఉండెడిది. ఊరు, బంధువర్గము, పండుగ అన్నీ దూరమైన వానికి ఆదివారమున తన మాటలో ప్రార్థన వినబడుట ఎంతటి ఆదరణయో ఊహించవచ్చును. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు పాడుకొను ప్రజలకు ఆ భాషలోనే వాక్యము చెప్పువాడు కావలెను. దొరల భాషలో చెప్పబడు ప్రసంగము అక్కడ యజమాని స్వరమువలె వినిపించియుండెడిది. కనుక తెలుగు కాపరిని పంపుట అప్పటికి సరియైన నిర్ణయమే. పంపుటకు ధనమిచ్చినవారు ధనవంతులు కారు, తెలుగు జిల్లాల సామాన్య విశ్వాసులు. ఇది స్వయంపోషక సంఘమును గూర్చి మనము చెప్పు సిద్ధాంతమునకు నిజమైన దృష్టాంతము.

ఆ విధానము ఎక్కడ ఆగిపోయినది

1911లో ఒప్పంద కూలీల రాక నిలిచిపోయినది. ఓడలు ఆగిన దినమున భాషకు కూడా కొత్త నీరు ఆగిపోయినది. అప్పటి వరకు ప్రతి ఓడ తెలుగు మాట్లాడువారిని తెచ్చి సంఘమును నింపినది. ఆ తరువాత సంఘము పెరుగవలెనంటే అక్కడ పుట్టిన పిల్లల నుండే పెరుగవలెను. ఆ పిల్లలు బడిలో ఆంగ్లము నేర్చుకున్నారు. దక్షిణ ఆఫ్రికా భారతీయుల ఆంగ్లముపై రాజేంద్ మేస్త్రీ 1992లో ప్రచురించిన అధ్యయనము ఈ మార్పును వివరముగా చూపుతుంది. బడికి వెళ్లిన పెద్ద పిల్లలు ఆంగ్లమును ఇంటికి తెచ్చారు, చిన్నవారు దానిని అన్నల నుండి, అక్కల నుండి ఇంటిలోనే నేర్చుకున్నారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద కుటుంబములు చాట్స్‌వర్త్ వంటి చోట్లకు తరలింపబడినప్పుడు, పాత ఇరుగుపొరుగు చెదిరిపోయి ఈ మార్పు మరింత వేగమందుకున్నది. తెలుగు అవ్వతాతల భాషగా మారినది.

ఇక్కడ రంగయ్యను నిందించుట అన్యాయము. ఆయన పన్నెండేండ్ల పరిచర్య మొదటి తరముతోనే గడిచినది. మా విమర్శ ఆయనను పంపిన దృష్టిపైన, ఆ దృష్టిని నేటికిని మార్చుకొనని మనపైన. మనవారు ఎక్కడ ఉంటే అక్కడికి మన కాపరిని మన భాషతో పంపవలెను అనునది ఆ దృష్టి. మొదటి తరమునకు అది సరిపోయినది. రెండవ తరము వచ్చునప్పటికి మనవారు అను మాటకు, మన భాష అను మాటకు మధ్య దూరము ఏర్పడినది. ఆ దూరమును దాటుటకు పంపువారి యొద్ద ప్రణాళిక లేదు.

ఆ ఖాళీలో ఇతరులు పనిచేశారు. జె. ఎఫ్. రోలాండ్స్ నాయకత్వములోని బెతెస్ద అను పెంతెకొస్తు ఉద్యమము నేటాలులోని భారతీయుల మధ్య విస్తరించినది. తమిళులు, తెలుగువారు, హిందీ వారు అను భేదము లేక కుటుంబములు అందులో చేరినవి. దీనిని గొర్రెల దొంగతనమని కొట్టివేయుట సులభము. కాని తమకు అర్థమగు మాటలో పిలువబడినవారు వచ్చారు అని చూచుట సత్యమునకు దగ్గర. నేడు రంగయ్య పరిచర్య నుండి పుట్టిన బాప్టిస్టు సంఘములు కూడా ప్రధానముగా ఆంగ్లములోనే ఆరాధిస్తున్నవి. అనగా ఆ సంఘములు నిలిచినవి, భాష మార్చుకొని నిలిచినవి.

వాక్యపు వెలుగులో

చెరనుండి తిరిగి వచ్చిన యూదుల పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాట్లాడుచు యూదుల భాష ఎరుగకుండుట చూచి నెహెమ్యా తలిదండ్రులపై కోపించి కొందరిని కొట్టెనని చదువుతున్నాము (నెహెమ్యా 13:24-25). ప్రవాసములోని మన పెద్దలలో అనేకులు తమ పిల్లల ఎదుట ఇదే కోపముతో నిలుచున్నారు. అదే గ్రంథములో మరొక దృశ్యమున్నది. ధర్మశాస్త్రమును చదివినవారు ప్రజలు గ్రహించునట్లు దాని అర్థమును తెలియజెప్పారు (8:8). అర్థము చెప్పబడిన చోట జనులు ఏడ్చారు, తరువాత సంతోషించారు.

అలెక్సంద్రియలోని యూదులు ఒక అడుగు ముందుకు వేశారు. హెబ్రీ మరచిన తమ పిల్లల కొరకు లేఖనములను గ్రీకులోనికి తర్జుమా చేసుకున్నారు. ఆ సెప్టువజింతు అనువాదమే తరువాత ఆదిమ సంఘమునకు చదువుకొను బైబిలైనది. పౌలు అన్యజనుల మధ్య ఉపయోగించినది దానినే. ప్రవాసులు తమ పిల్లల నిమిత్తము చేసిన పని లోకమునకు సువార్త ద్వారమైనది. తిమోతి కూడా ఇట్టి ఇంటి బిడ్డయే. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొస్తలుల కార్యములు 16:1). అవ్వ లోయి, తల్లి యునీకేల విశ్వాసము అతనికి అందినది (2 తిమోతి 1:5).

ఒక ఆక్షేపణ

భాష కేవలము పాత్ర కాదు, అందులోని పదార్థము కూడా అని కొందరు ఆక్షేపిస్తారు. తెలుగు పోతే కీర్తనలు పోవును, కీర్తనలతో మన పితరుల భక్తి పోవును అంటారు. ఈ ఆక్షేపణలో బలమున్నది. ఆంగ్లము పక్షపాతము లేని భాషయని మేము అనుట లేదు. నేటాలులో అది పాలకుల భాషగానే వచ్చినది. 1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ ఏర్పడుటకు కారణము కూడా తెలుగు పోవునను భయమే.

అయితే వారసత్వమును అందించుట వేరు, దానిని గుమ్మముగా నిలుపుట వేరు. తెలుగు వచ్చిన తరువాతనే సంఘములోనికి రమ్మని బిడ్డతో చెప్పుట, సున్నతి పొందిన తరువాతనే రమ్మని అన్యజనులతో చెప్పినవారి వాదనకు దూరముగా లేదు (అపొస్తలుల కార్యములు 15). కీర్తన అర్థము ఆంగ్లములో తెలిసిన బిడ్డ ఒకనాడు తెలుగు చరణమును ప్రేమతో నేర్చుకొనవచ్చును. అర్థము తెలియక నిలబడి పాడిన బిడ్డ ఆ చరణమును విసుగుతోనే జ్ఞాపకముంచుకొనును.

నేటి రెండు క్షేత్రములు

విదేశములలోని తెలుగు యౌవనస్థులు అని ఒకే మాటతో పిలుచుటలో మనము పొరబడుతున్నాము. వారు రెండు వర్గములు.

మొదటి వర్గము గల్ఫ్ దేశములకు పనికి వెళ్లిన యువకులు, యువతులు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతముల నుండి, గోదావరి జిల్లాల నుండి, కడప నుండి వెళ్లినవారు. వీరి స్థితి కియర్స్‌నీ కూలీల స్థితికి ఎంతో దగ్గర. ఒప్పందము, అప్పు, యజమాని అనుమతి, ఇంటికి డబ్బు పంపవలసిన భారము. వీరికి రంగయ్య విధానమే కావలెను, తమ యాసలో మాట్లాడు కాపరి కావలెను. అనేక గల్ఫ్ దేశములలో ఆరాధన అనుమతింపబడిన ఆవరణములకే పరిమితము, మత ప్రచారమునకు కఠినమైన హద్దులున్నవి. సెలవు దినము శుక్రవారమైన చోట ఆరాధన శుక్రవారమే. 2022 నుండి ఎమిరేట్స్‌లో వారాంతము శని, ఆదివారములకు మారినది. ఈ సంగతులు తెలియని కాపరి అక్కడ మేలు కంటె ఎక్కువ కీడు చేయగలడు.

రెండవ వర్గము అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియాలలో పుట్టి పెరిగిన పిల్లలు. వీరికి తెలుగు కాపరి అవసరమే, కాని అతడు అజరయ్యవలె నేర్చుకొనువాడై యుండవలెను. వారి ఆంగ్లము మన కళాశాలలో చదివిన ఆంగ్లము కాదు. వారి ప్రశ్నలు, వారి పరిహాసము, వారి మౌనము వేరొక ప్రజల భాషవలె నేర్చుకొనవలసినవి. ఇరువది సంవత్సరముల బిడ్డ సంఘము విడిచిపోయినప్పుడు విశ్వాసము చల్లారినదని తీర్పు తీర్చుటకు ముందు, ఆ బిడ్డకు అర్థమగు మాటలో సువార్త ఎన్నిసార్లు చెప్పబడినదో లెక్కించవలెను.

ముగింపు

1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పలు సంఘశాఖల వేదాంత విద్యను ఒక చోటికి చేర్చినది. దానితో పాటు ఈ జంట నగరములలోని ఇతర సెమినరీలు పల్లె సంఘములకు కాపరులను సిద్ధపరచుటలో ఎంతో అనుభవము గలవి. విదేశ సంఘములకు వెళ్లు విద్యార్థుల విషయములో మాత్రము ప్రయాణపు పత్రములు సిద్ధమైతే చాలునన్నట్లు వ్యవహరిస్తున్నాము.

మేము మూడు సంగతులు ప్రతిపాదిస్తున్నాము. మొదటిది, పంపబడు విద్యార్థి ఏ వర్గపు యౌవనస్థుల యొద్దకు వెళ్తున్నాడో ముందుగా నిర్ణయించి, ఆ క్షేత్రమునకు తగిన శిక్షణ ఇయ్యవలెను. రెండవది, ప్రసంగ శాస్త్ర తరగతిలో ఒకే వాక్యభాగమును తలిదండ్రులకు తెలుగులో, వారి పిల్లలకు ఆంగ్లములో బోధించు అభ్యాసము ఉండవలెను. రెండవ ప్రసంగము మొదటిదాని తర్జుమా కారాదు. మూడవది, గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్ర ఫిర్యాదు విని అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచినప్పుడు, ఆ ఏడుగురి పేర్లు గ్రీకు పేర్లే (అపొస్తలుల కార్యములు 6:5). ప్రవాస సంఘముల పెద్దల సభలలో అక్కడ పెరిగిన యౌవనస్థులకు స్థానము ఇయ్యవలెనని, ఇక్కడి నుండి పంపు సంఘములే షరతుగా కోరవలెను.

రంగయ్య పేరు మన యౌవనుల కూటములలో ఇకమీదట కూడా వినబడవలెనని మేము కోరుకుంటున్నాము. ఆయన వెళ్లిన కథతో పాటు, ఆయన బోధించిన కూలీల మనుమలు ఏ భాషలో ప్రార్థించారో కూడా చెప్పవలెను.