చిన్న పావురం కేక

కాటలాన్ భాష మాట రాగానే నిషేధాన్ని ఎదిరించిన వీరగాథ కోసం వెదుకుతాం. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసి ఫ్రాంకో గెలిచిన తరువాత ఆ భాషను బడుల నుంచి, కచేరీల నుంచి, పత్రికల నుంచి వెళ్ళగొట్టిన మాట నిజమే. అయినా ఆ భాషలో వచ్చిన ఉత్తమ నవలల్లో ఒకటైన 'లా ప్లాసా దెల్ దియామాంత్'లో భాషను గురించిన ఉపన్యాసం ఒక్కటీ లేదు. 'వజ్రపు కూడలి' అని దాని అర్థం. రచయిత్రి మెర్సే రొదొరేదా (1908–1983) 1939లో దేశం విడిచి, ప్రవాసంలో జెనీవాలో ఉంటూ దీనిని రాసింది. 1962లో బార్సెలోనాలో అచ్చయింది.

కథ ఆ నగరంలోని గ్రాసియా పేటలోనిది. కూడలిలో నాట్యం జరుగుతున్న రాత్రి కిమెత్ అనే వడ్రంగి ఒక యువతిని కలుస్తాడు. తన పేరు నటాలియా అని ఆమె చెప్పినా నవ్వేసి 'కొలొమేతా', అంటే చిన్న పావురం, అని పిలుస్తాడు. పెళ్ళయ్యాక ఆ పేరే నిలుస్తుంది. ఇంటినిండా పావురాలు చేరతాయి, చాకిరీ ఆమెది. యుద్ధంలో భర్త చనిపోతాడు. ఆకలికి తాళలేక, పిల్లలకు గరాటుతో యాసిడ్ పోసి తానూ చావాలనుకుంటుంది. దానికోసం వెళ్ళిన కొట్టు యజమానే ఆమెకు పని ఇచ్చి, తరువాత పెళ్ళాడతాడు. ఏళ్ళు గడిచాక, ఒక తెల్లవారుజామున పాత ఇంటి తలుపు మీద కత్తితో ఆ పెట్టుడు పేరు చెక్కి, కూడలికి వెళ్ళి గుండె పగిలేలా కేకవేస్తుంది.

సరిగ్గా ఆ క్షణంలోనే పని దొరకడం కొంత కల్పనలాగే తోస్తుంది. అయితే ఆ లోపాన్ని మరపించేది నటాలియా గొంతు. కథంతా ఆమే చెబుతుంది: మెట్ల గోడ మీది త్రాసు బొమ్మ, పావురాల కంపు, ధూళి. రాజకీయం ఆమెకు తెలియదు. ఈ వ్యాసకర్త చదివినది ఇంగ్లీషు అనువాదమే అయినా, పొరుగింటావిడ పక్కన కూర్చుని చెబుతున్నట్లే ఉంది. ఏలేవారు వద్దన్న భాషలో ఒక సామాన్య గృహిణి తన బతుకును పూర్తిగా చెప్పగలిగింది. నిషేధానికి అంతకన్న గట్టి జవాబు ఏముంటుంది?

మన సంచికల్లో తెలుగుతల్లిని పొగిడే పద్యాలకు కొదవ లేదు. చీకటితో లేచి రబ్బరు పాలు తీసిన మామ్మ కథను, ఆమె మాటల్లోనే, మనలో ఎందరు రాశారు?