పూటకూళ్లవాడి లెక్క

ఈ వారం అమ్మకు శుక్లాలు చూపించడానికి ఎచ్చెర్ల నుంచి శ్రీకాకుళం వెళ్లాం. కంట్లో వేసిన చుక్కలు పనిచేయకముందే లెన్సుల ధరల పట్టిక మా ముందు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. వైద్యం వ్యాపారమైపోయిందని ఎన్నోసార్లు రాశాను. అమ్మ మాత్రం, "నాకు సూపొస్తే సాల్రా. డాట్రుబాబు సెప్పింది ఇను" అంది.

తిరుగుదారిలో నాకు మార్కు సువార్తలోని స్త్రీ గుర్తొచ్చింది. పన్నెండేళ్ల రక్తస్రావం. ఎందరో వైద్యుల చేతుల్లో ఉన్నదంతా ఖర్చయింది, బాధ మాత్రం పెరిగింది. నా కోపానికి లేఖనం తోడొచ్చిందనుకున్నాను.

అమ్మకు గుర్తొచ్చింది సోంపేట ఆరోగ్యవరం. కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ నడిపిన కంటి ఆసుపత్రి. మా తాతకు శుక్లాలు తీసింది అక్కడే. ఆపరేషన్‌లో కంట్లో లెన్సు పెట్టని రోజులవి. ఆ లోటు సోడాబుడ్డి కళ్లద్దాలతోనే తీరాలి. అద్దాలు పెట్టగానే తాత మొదట తన అరచేతులు చూసుకున్నాడట. ఇవ్వడానికి డబ్బు లేక, తర్వాత ఓ బస్తా కొబ్బరికాయలు మోసుకెళ్లి ఇచ్చాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు అమ్మ గొంతు ఇప్పటికీ వణుకుతుంది. ఆ కథ వింటూ పెరిగినవాణ్ని. మంచి వైద్యుడు డబ్బు ముట్టడని నాలో పాతుకుపోయింది.

ఆ కథకు రెండో సగం ఉంది. 1963లో కాల్గరీ నగరంలో గలిసన్ మాటలు విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి, ఒక మనిషికి చూపు తెప్పించడానికి 25 డాలర్లు చాలని తెలిసి విరాళాలు కూడగట్టడం మొదలుపెట్టాడు. అదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ అయింది. ఉచితమనుకున్న చూపుకీ ఖర్చుంది. కట్టినవాళ్లు మనకు కనబడలేదు, అంతే.

ఆ రాత్రి లూకా పదో అధ్యాయం తీశాను. లూకా వైద్యుడు. పనివాడికి జీతం న్యాయమన్న యేసు మాట, మంచి సమరయుడి కథ రెండూ ఆ అధ్యాయంలోనే ఉన్నాయి. ఇన్నేళ్లూ సమరయుణ్నే చూశాను. ఈసారి పూటకూళ్లవాడు కనిపించాడు. అతని బతుకే డబ్బు మీద. అయినా సమరయుడు రెండు దేనారాలు చేతిలో పెట్టి, పై ఖర్చేమైనా అయితే తిరిగొచ్చి ఇస్తానని, దారిలో గాయాలతో దొరికిన మనిషిని అతనికి అప్పగించాడు. ఆ పై ఖర్చుకు లెక్క చెప్పాల్సింది పూటకూళ్లవాడే. అతన్ని నమ్మాడు. నమ్మి వదిలేసి పోలేదు, మళ్లీ వస్తానన్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఖరీదైన లెన్సుతో అమ్మకు ఒరిగేదేమిటని అడిగాను. దగ్గరికీ దూరానికీ అద్దాల అవసరం తగ్గుతుందని, బైబిల్ చదవడానికి అద్దాలు పెట్టుకోవడం ఇబ్బంది కాకపోతే మామూలుదే చాలని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మొదటిరోజు నేను కోప్పడ్డానే గానీ ఈ ప్రశ్న అడగలేదు.

మామూలు లెన్సే పెట్టించాం. బిల్లు కట్టాను. వచ్చే వారం అమ్మను తీసుకుని మళ్లీ వెళ్తాను.