అశ్వశక్తి పటము చూపనిది

మార్పులు చేసిన కారును నిపుణునిచేత ట్యూనింగు చేయించిన యజమానికి ఒక రేఖాపటము లభించును. అందు అశ్వశక్తి గీత ఘనముగానే పైకెగయును. మరునాటి ఉదయము మాత్రము చల్లని ఇంజను పదేపదే ఆగిపోవును. రద్దీ వీధిలో బండి కుదుపులు పెట్టును. లోపమెచ్చట?

ఆ పటము సాధారణముగా థ్రాటిలు పూర్తిగా తెరచినప్పటి కొలత. అప్పుడు తూకమున ఒక పాలు పెట్రోలుకు సుమారు 12.5 పాళ్ల గాలి సరిపోవును. నిత్యప్రయాణమున థ్రాటిలు తెరచునది కొద్దిగానే. అచ్చట సుమారు 14.7 పాళ్లు కావలెను. పెద్ద ఇంజెక్టరు అమర్చినచో, ఇంజను ఊరక తిరుగునపుడు అది సెకనులో వెయ్యవవంతుకు అటునిటుగా మాత్రమే తెరచుకొనవలెను. అంత స్వల్పవ్యవధిలో దాని ధార నిలకడగా ఉండదు. మార్చిన కామ్‌షాఫ్టుది మరియొక చిక్కు. రెండు కవాటములును ఎక్కువసేపు ఒక్కసారే తెరచియుండుటచే కొంత గాలి మండకయే పొగగొట్టమున చేరును. సెన్సారు ఆ ఆక్సిజనును ఉన్నదున్నట్లే చెప్పును. కంప్యూటరు మాత్రము పెట్రోలు తక్కువైనదని తలచి మరింత పోయును, పాపము!

ఇవేవియు చూడక, గరిష్ఠశక్తిని చూపి పని ముగిసినదనుట సగము పనికి పూర్తి రుసుము పుచ్చుకొనుటయే. అయితే, వేడెక్కిన ఇంజను పూర్తిగా చల్లారుటకు గంటలు పట్టును. చల్లని ఆరంభమును సరిచేయవలెనన్నచో బండి ఆ రాత్రికి యంత్రశాలలోనే నిలువవలెను.