కళాకారుని స్వేచ్ఛా, క్రిప్టో నాణెమూ

జస్టిన్ అవర్సానో అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ కవలల చిత్రాలు నూరు తీశాడు. ఆ సంపుటి పేరు 'ట్విన్ ఫ్లేమ్స్'. తల్లి గర్భంలోనే పోయిన తన కవలను తలచుకుంటూ తీసినవి. వాటిలో మంచి చిత్రాలున్నాయి. ఇద్దరు మనుషులు ఒకే పోలికతో నిలబడి మనవైపు చూస్తూవుంటే, తేడా ఎక్కడుందా అని మన కన్ను వెతుకుతుంది. ఆ వెతుకులాటలోనే వారు విడివిడి మనుషులై కనపడతారు. దుఃఖాన్ని అరిచి చెప్పకుండా చూపగలగడం చిన్న విషయం కాదు. ఈ మాట ముందే అనడమెందుకంటే, నా తగాదా ఆ చిత్రాలతో కాదు, వాటిమీద కట్టిన సిద్ధాంతంతో.

2021 ఫిబ్రవరిలో ఆ నూరింటినీ ఆయన ఎన్.ఎఫ్.టి.లుగా అమ్మకానికి పెట్టాడు. ఎన్.ఎఫ్.టి. అంటే బొమ్మ కాదు. బొమ్మ తాలూకు పద్దు ఫలానావారి పేర వుందని ఇథీరియం అనే కంప్యూటర్ల ఉమ్మడి ఖాతాపుస్తకంలో పడే రాత. ఒక్కొక్క దాని వెల 0.55 ఈథర్, ఆనాటి మారకంలో వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. అదే ఏడాది అక్టోబరులో ఆ నూరింటిలో 83వది క్రిస్టీస్ వేలంలో 11 లక్షల డాలర్లు దాటింది. గాలరీ దళారి పోయాడు, బ్యాంకు పోయింది, క్రిప్టో నాణెంతో కళాకారుడు ఆర్థికంగా స్వతంత్రుడయ్యాడు అని ఆయనా, ఆయన బాట పట్టినవారూ చేసే ప్రచారం మన విద్యార్థుల చెవులకూ సోకింది.

ఈ ప్రచారంలోని ఫిర్యాదు నిజమైనదే. అమ్మిన బొమ్మ వెలలో సగం గాలరీ పట్టుకుపోవడం మామూలు. తీసినవాడికి ఒకసారి కూలి విదిల్చి, ఆ ఫొటోను పదిసార్లు అచ్చువేసుకునే పత్రికలు ఏ దేశంలో లేవు? ఈ కడుపుమంటను వెక్కిరించే అభ్యుదయవాదులంటే నాకు గౌరవం లేదు. రోగం నిజం. మందు సంగతే చూడాలి.

ఈథర్ వెల 2021 నవంబరులో 4,800 డాలర్ల దాకా పోయి, 2022 జూన్‌లో వెయ్యి లోపుకు పడింది. ఇంటి అద్దె మాత్రం డాలర్లలోనే కట్టాలి. కూలి కోస్తే యజమాని గుమ్మం ముందు సమ్మె చేయవచ్చు. నాణెం పడిపోతే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి?

అసలు ఆశ మరొకటి. బొమ్మ చేతులు మారిన ప్రతిసారీ తీసినవాడికి వాటా దానంతటదే వచ్చి పడుతుందని చెప్పారు. ఎందరో యువకులను లాగింది ఈ మాటే. కాని ఆ వాటా ఖాతాపుస్తకంలో విడదీయరానిదిగా లేదు. ఇచ్చేదీ మానేదీ అమ్మకపు వేదిక ఇష్టం. బేరగాళ్లు వాటా అడగని అంగళ్లకు తరలిపోతుంటే, పెద్ద వేదికైన ఓపెన్‌సీ కూడా వాటాను తప్పనిసరి చేయడం మానుకుంటామని 2023 ఆగస్టులో ప్రకటించింది. ఒక్క కంపెనీ ప్రకటనతో ఊడిపోయే హక్కును స్వేచ్ఛ అనడం నాకు చేతకాదు. దళారి పోలేదు, అంగడి మార్చాడు.

ఫొటో స్వభావం ఇంకా లోతైన సంగతి. ఒక నెగటివు నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, దేనికదే అసలుది. ఈ బలాన్నే వాల్టర్ బెన్యమిన్ 1930లలో గుర్తించాడు. ఇప్పుడు జరిగిందేమిటి? బొమ్మను ఎవరైనా తెరమీద చూడవచ్చు, కాని పద్దు మాత్రం ఒక్కటే. అంటే కొన్నవాడు కొన్నది చిత్రాన్ని కాదు, రేపు పెరగగల ధరను. కవలల చిత్రానికి కవల వుండకూడదన్న శాసనం ఇది! అవర్సానో చిత్రాలు చూపేదానికీ ఇది సరిగ్గా విరుద్ధం.

ఇదే ఫిర్యాదుతో కాపా, కార్టియే-బ్రెస్సాన్, సీమోర్, రోడ్జర్ 1947లో మాగ్నమ్ పెట్టారు. సభ్యులే యజమానులైన సహకార సంఘమది. ఫొటో హక్కు పత్రికది కాదు, తీసినవాడిదని నిలబెట్టుకున్నారు. వారు కోటీశ్వరులు కాలేదు గాని, నెగటివులు వారి చేతిలోనే వుండిపోయాయి.

పునర్విక్రయంలో వాటా కూడా నాణెం కనిపెట్టింది కాదు. ఫ్రాన్సు 1920లోనే దానికి చట్టం చేసింది. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో 53-ఎ సెక్షన్ చేరింది: పదివేల రూపాయలు మించిన పునర్విక్రయంలో కళాకారునికి పది శాతం దాకా వాటా. అందులో చిత్రలేఖనం వుంది, శిల్పం, రేఖాచిత్రం, రచనల అసలు వ్రాతప్రతులు వున్నాయి. ఫొటో లేదు. ఆ ఒక్క మాట చేర్చాలని మన జిల్లాల ఫొటోగ్రాఫర్ల సంఘాలు తీర్మానం చేస్తే, దాన్ని ఇక్కడ అచ్చువేయమని సంపాదకులను నేనే అడుగుతాను.