వోల్టుకో స్థాయి

చాలా అనలాగ్ సింథసైజర్ల ఆసిలేటర్లకు ఒకటే నియమం. వోల్టేజ్ ఒక వోల్టు పెరిగితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలి, అంటే స్వరం ఒక స్థాయి పైకి వెళ్లి కింది షడ్జం పై షడ్జం కావాలి. ఒక్కో సెమీటోన్‌కు సుమారు 83 మిల్లీవోల్టులు.

ఈ రెట్టింపు ట్రాన్సిస్టర్ చేసిపెడుతుంది. మామూలు గది వేడిలో దాని బేస్ వోల్టేజ్ 18 మిల్లీవోల్టులు పెరిగితే చాలు, కరెంటు రెండింతలవుతుంది. సంగీతానికి కావలసిన లెక్క సిలికాన్‌కు పుట్టుకతోనే రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. కానీ వేడి మారితే ఆ 18 కూడా మారుతుంది, డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున. సర్దుబాటు లేని సర్క్యూట్‌ను పొద్దున్నే శ్రుతి చేసి, మే నెల మధ్యాహ్నానికి పది డిగ్రీలు వేడెక్కనిస్తే, ఐదు స్థాయిల దూరంలో రెండు సెమీటోన్లు తప్పుతుంది.

1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథసైజర్‌లో ఐదు గొంతులు, అంటే ఒకేసారి ఐదు స్వరాలు, గొంతుకు రెండేసి ఆసిలేటర్లు. పదీ కలిసి శ్రుతిలో నిలవాలి. మొదటి రకాల్లో ఆసిలేటర్లకు ఎస్‌ఎస్‌ఎం చిప్‌లు ఉండేవి. 1980లో మూడో రకానికి వచ్చేసరికి వాటి స్థానంలో డగ్ కర్టిస్ రూపొందించిన సీఈఎం3340 చేరింది. పదహారు కాళ్ల చిన్న చిప్. వేడి వల్ల వచ్చే తేడాను దిద్దే భాగాన్ని ఆయన చిప్ లోపలే పెట్టారు. తప్పు చేసేదీ దిద్దేదీ ఒకే సిలికాన్ ముక్క మీద, ఒకే వేడిలో ఉంటాయి. నేను చూసిన సర్క్యూట్లలో ఇంత అందమైన ఆలోచన తక్కువ. ఓబీ-ఎక్స్‌ఏ, మెమరీమూగ్, రోలాండ్ ఎస్‌హెచ్-101 సింథసైజర్లన్నీ ఈ చిప్‌నే వాడుకున్నాయి. కర్టిస్ 2007లో పోయారు. 2016లో ఈ చిప్ మళ్లీ తయారీకి వచ్చింది. లాట్వియాలో దీనికి నకలుగా చేసే ఏఎస్3340 కూడా దొరుకుతుంది.

చిప్ ఎంత చేసినా, స్థాయిల దూరాన్ని సరిచేసే స్కేల్ ట్రిమ్‌పాట్ తిప్పాల్సింది మనమే. ఆ దూరం సరిచేస్తే అడుగు స్వరం జరుగుతుంది. దాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ పైన చూడాలి. నేను ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో మొదలుపెట్టి చెవితో ముగిస్తాను. రెండో ఆసిలేటర్‌ను పక్కన మోగిస్తే, తంబురా తీగల్ని కలిపేటప్పటిలాగే, రెండు నాదాల మధ్య అల నెమ్మదిస్తూ వచ్చి ఆగిపోతుంది.

పాత వాయిద్యాల శ్రుతి జారడంలోనే మాధుర్యం ఉందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 440 హెర్ట్జ్ పక్కన 441 హెర్ట్జ్ పెడితే సెకనుకో అల వస్తుంది. ఆ అల నేను కోరుకుని పెట్టింది, నిలకడగా ఉన్న ఆసిలేటర్లతోనే అది సాధ్యం. గది వేడెక్కి వచ్చిన తేడాలో వాయించేవాడి ఇష్టం ఏముంది?

కొత్తగా కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పిచ్‌ను నిర్ణయించే వెయ్యి పికోఫారడ్ల కెపాసిటర్ పాలీస్టైరీన్‌దే కొనండి. చవక సిరామిక్‌ది పెడితే వేడికి అదే మారిపోతుంది. దాన్ని చిప్ లోపలి సర్దుబాటు దిద్దలేదు.