కచ్చురం నుంచి కారు దాకా కట్టె పని

కోటి రూపాయల కారు కొనబోయేవాళ్ల ముందు షోరూమువాళ్లు ఒక పెట్టె తెరుస్తారు. అందులో చిన్న చిన్న పలకలుంటాయి. డ్యాష్‌బోర్డుకూ తలుపుల లోపలి వైపుకూ అక్రోటు కట్టె వేయించుకుంటారా, కార్బన్ ఫైబరా, అల్యూమినియమా, నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్కా అని అడుగుతారు. చాలామంది కంటికి నచ్చినదాని మీద వేలు పెడతారు. అయితే బండిలో కట్టె ఎందుకుండాలి, ఎక్కడుండాలి అన్నది పాలమూరు, నల్లగొండ వడ్లవాళ్లు, అంటే వడ్రంగులు, తరాల కిందటే తేల్చుకున్న విషయం. వాళ్ల లెక్కలో అందం ఆఖరున వచ్చేది.

ఈ ప్రాంతంలో ఒకప్పటి లగ్జరీ కారు సవారి కచ్చురం. రైతుబండి ఎరువుకూ వడ్లకూ అయితే, కచ్చురం మనుషుల ప్రయాణానికి. పైన వంపు తిరిగిన కప్పు, పక్కన పరదాలు, లోపల మెత్తటి పరుపు, ఎడ్ల మెడలో గంటలు. దొరల ఇళ్ల ఆడవాళ్లు పుట్టింటికి వెళ్లినా జాతరకు వెళ్లినా ఇందులోనే వెళ్లేవారు. ఈ వైభవానికి ఇంకో ముఖమూ ఉంది. నిజాం కాలపు వెట్టిలో దొర బండిని చేసిన వడ్లాయనకూ, దానికి ఇనుము కట్టిన కమ్మరికీ చాలా ఊళ్లలో కూలి దక్కేది కాదు. పని గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ బాకీని కూడా చెప్పుకోవాలి.

వడ్లాయన పని కట్టెను ఎంచుకోవడంతో మొదలవుతుంది. బండి మొత్తానికి ఒకే కట్టె పనికిరాదు. దెబ్బలు తినే చక్రానికి నల్లతుమ్మ. చెరువు శిఖంలో, చెల్క గట్టు మీద పెరిగిన చెట్టు, అదీ చేవ తేలినది కావాలి. ఎండకూ వానకూ పెద్దగా వంకర పోదు కాబట్టి పైభాగానికి టేకు. ఎడ్ల మెడ మీద పడే కాడికి బరువు తక్కువ కట్టె. కొట్టిన మొద్దును వెంటనే ముట్టరు. కొన్ని నెలలు నీళ్లలో నానేసి, తీసి, నీడన ఆరబెడతారు. నీళ్లలో కట్టెలోని పసరు దిగిపోతే పురుగు పట్టదు, నీడన నిదానంగా ఆరితే పగుళ్లివ్వదు.

అసలు నేర్పంతా చక్రంలో ఉంది. నడుమ కుంభం, దానికి 12 బెజ్జాలు. ఒక్కో బెజ్జంలో ఒక్కో ఆకు దిగుతుంది. ఆకుల రెండో కొసలు చుట్టూ ఉండే పూటీల్లోకి వెళ్తాయి. పూటీకి రెండేసి ఆకుల చొప్పున 6 పూటీలు కలిస్తే చక్రం గుండ్రంగా మూసుకుంటుంది. అంచును ఒకటే పొడవాటి ముక్కతో ఎందుకు చేయరంటే, వంపు కోసేటప్పుడు కట్టె నార అడ్డంగా తెగి, అక్కడే విరుగుతుంది. పొట్టి ముక్కల్లో నార చాలామేరకు తెగకుండా మిగులుతుంది. ఆకును బాడిశతో చెక్కేటప్పుడూ నార వెంబడే చెక్కుతారు. ఆకు కొసన చెక్కిన కుసి బెజ్జంలోకి చేత్తో తోస్తే దూరకూడదు, సుత్తి దెబ్బకే దిగాలి.

ఇక పట్టా ఎక్కించడం వడ్లాయన, కమ్మరి కలిసి చేసే పని. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువ కొలతకే అతుకుతారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. అయిదు అడుగుల చక్రం చుట్టుకొలత 15 అడుగులు దాటుతుంది. అంత పొడవు పట్టా ఎర్రబడేసరికి అంగుళం పైచిలుకు సాగుతుంది. అప్పుడు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కట్టె అంటుకోకముందే నీళ్లు కుమ్మరిస్తారు. చల్లారి ముడుచుకున్న ఇనుము పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుంభంలోకి బిగిస్తుంది. జిగురుతో గానీ మేకుతో గానీ ఆ బిగువు రాదు. నల్లగొండ ఎండల్లో కట్టె ఎండి చక్రం వదులైతే బండిని చెరువులోకి తోలి కాసేపు నిలబెట్టేవారు. ఆకు విరిగితే ఆ ఒక్క ఆకునే మార్చేవారు.

కట్టె బండి నుంచి మోటారు కారుకు దారి మనవైపు నుంచే ఉంది. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగానే. ఆయన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఆర్డరిచ్చి, అది చేతికందకముందే 1911 ఆగస్టులో కన్నుమూశారు. సింహాసనం లాంటి సీటున్న ఆ పసుపుపచ్చ కారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. రోల్స్ రాయిస్ ఇంజినూ ఛాసిస్సూ ఇస్తే, పైభాగాన్ని లండన్‌లో గుర్రపు బగ్గీలు చేసిన బార్కర్ కంపెనీ కట్టింది. ఆ రోజుల్లో కార్ల పైభాగానికి లోపల కట్టె చట్రం, దాని మీద లోహపు రేకు ఉండేవి. అంటే కచ్చురంలాగే తొలి కార్ల పైభాగాన్నీ మోసింది కట్టే.

తర్వాత ఉక్కు బాడీలు వచ్చి చట్రం పని లాక్కున్నాయి. ఇంగ్లండులో మోర్గాన్ లాంటి ఒకటి రెండు కంపెనీలు తప్ప మిగతావాళ్ల కార్లలో కట్టె లోపలి అలంకారంగానే మిగిలింది. ఇప్పటి డ్యాష్‌బోర్డు మీద కనిపించేది పలక కూడా కాదు, మిల్లీమీటరులో సగానికి కాస్త అటూ ఇటూ ఉండే వెనీర్ పొర. అలాగని అందులో నేర్పు లేదనలేం. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన రెండు పొరలను పుస్తకం విప్పినట్టు పక్కపక్కన పరిస్తే గీతలు ఎడమా కుడీ అద్దం పట్టినట్టు కలుస్తాయి. ఒక కారుకు కావలసిన పొరలన్నీ ఒకే చెట్టు నుంచి తీస్తే, ఏళ్లు గడిచినా రంగు అన్ని చోట్లా ఒకేలా మారుతుంది. ప్రమాదంలో కట్టె పుల్లలుగా చీలి గుచ్చుకోకుండా పొరల మధ్య పల్చటి అల్యూమినియం రేకులు పెడతారు.

పోటీగా వచ్చినవాటిలో అన్నీ ఒకటి కాదు. చవక కార్లలో కనిపించే ‘ఉడ్ ఫినిష్’ ప్లాస్టిక్‌కు వేసిన రంగుపూత. నీటి మీద తేలే అచ్చు ఫిల్ములో ముక్కను ముంచితే కట్టె గీతలు దానికి అంటుకుంటాయి. కార్బన్ ఫైబర్ సంగతి వేరు. రేసు కారు చట్రంలో దాని పని దానికుంది. డ్యాష్‌బోర్డు మీదికొచ్చేసరికి అది కూడా అలంకారమే. బరువు తగ్గుతుందన్న మాట కూడా ఇక్కడ నిలవదు. ఘన సెంటీమీటరుకు కార్బన్ ఫైబర్ సుమారు 1.6 గ్రాములు తూగితే అక్రోటు కట్టె అందులో సగం కూడా తూగదు. కార్బన్ బలమైనది కాబట్టి పల్చగా వాడితేనే బరువు తగ్గేది. వెనీర్ ఎలాగూ పల్చనే.

అసలు తేడా పాతబడ్డప్పుడు తెలుస్తుంది. ప్లాస్టిక్ మీది అచ్చు గీసుకుపోతే కింద బూడిదరంగు బయటపడుతుంది, ముక్క మొత్తం మార్చాల్సిందే. కార్బన్ ముక్క పగిలితే ఆ అల్లిక మళ్లీ గీతకు గీత కలవదు. కట్టె మీద పూత ఎండకు పగిలితే, దాన్ని గీకి, నున్నగా రుద్ది, మళ్లీ పూత వేస్తే కట్టె తిరిగి వెలుగులోకి వస్తుంది. అయితే మందపాటి పాలిస్టర్ పూత కింద నలిగిన పల్చటి పొరకు ఈ వైద్యం కష్టం. కాస్త చెయ్యి బరువైతే పొర అరిగి కింది రేకు కనిపిస్తుంది. రంధ్రాలు కనిపించేలా పల్చటి పూత వేసిన కట్టె మేలనడానికి ఇదొక కారణం.

కట్టె ఎక్కడి నుంచి వస్తుందన్నదీ చూడాలి. నల్లమలలో టేకు, నల్లమద్ది, ఏగిశ, జిట్రేగి ఉన్నాయి. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లోని ఆ అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జిట్రేగి జాతి కట్టె మీద 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలున్నాయి. పాత వడ్లాయన ఎక్కువగా వాడింది చెల్క గట్టు మీద మళ్లీ మొలిచే తుమ్మను. ఊళ్లో పెరిగే చెట్టు, ఊళ్లోనే బాగయ్యే బండి. లగ్జరీకి ఇంతకన్నా గట్టి కొలత లేదు. షోరూములో పలకల పెట్టె ముందు కూర్చున్నవాళ్లు రంగు చూసేముందు ఒక మాట అడగడం మంచిది: పదేళ్ల తర్వాత ఇది పగిలితే బాగుచేస్తారా, పారేసి కొత్తది వేస్తారా? మొదటి జవాబు వచ్చినదానికే డబ్బు పెట్టాలి, అది కట్టె అయినా, ఇంకేదైనా.