అండమా? అండపుటికయా?

సంతానమునకై వైద్యమును కోరు స్త్రీలకు అల్ట్రాసౌండు స్కానింగు చేయుట నేడు సర్వసామాన్యము. స్కానింగు ముగిసిన పిమ్మట “గుడ్డు సైజు 18 మిల్లీమీటర్లు వచ్చినది” అని మన వాడుక. పత్రికల ఆరోగ్యపుటలలోను ఇదే మాట “అండము పరిమాణము” అను పేర అచ్చగుచున్నది. గుడ్డు చిన్నదైనచో గర్భము నిలువదనియు, పెద్దదైనచో నిలుచుననియు పాఠకులు నమ్ముచున్నారు. ఇది కేవలము మాట పొరపాటు కాదు. దీనివలన శాస్త్రవిషయమే తలక్రిందులగుచున్నది.

మానవ అండము వ్యాసము సుమారు 0.12 మిల్లీమీటరు, అనగా 120 మైక్రోమీటర్లు. చూపు చక్కగా ఉన్నవారికి సన్నని చుక్కవలె లీలగా కనబడును. గోలీకాయంత ఉండి స్కానింగులో కొలువబడునది అండము కాదు. అండమును తనలో దాచుకొని ద్రవముతో నిండియుండు సంచి. దానికి అండపుటిక యని పేరు. 18 మిల్లీమీటర్ల పుటిక వ్యాసము అండము వ్యాసమునకు 150 రెట్లు. ఘనపరిమాణమున లెక్కించినచో 33,75,000 రెట్లు!

ఈ పొరపాటునకు పూర్వచరిత్ర కలదు. 1672లో డెల్ఫ్ట్ నగర వైద్యుడు రైనియర్ డి గ్రాఫ్ అండాశయముపై కనబడు బుడగలను వర్ణించి, వానినే అండములని తలచెను. కాని కుందేళ్లను పరిశీలించినప్పుడు అండవాహికలో కనబడినవి ఆ బుడగలకంటె చాల చిన్నవిగా ఉండుటను ఆయనయే గమనించెను. ఈ చిక్కు విడుటకు 155 సంవత్సరములు పట్టెను. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఆడకుక్క పుటికలోపల నున్న నిజమైన అండమును సూక్ష్మదర్శినిలో చూచెను. ఫాన్ బేర్ విడదీసిన రెండు వస్తువులను మనము వాడుకలో మరల కలిపివేయుచున్నాము.

పుటిక పెరుగుటకు, అండము పెరుగుటకు గల సంబంధ మెట్టిది? ఆరంభదశలో అండకణము వ్యాసము సుమారు 35 మైక్రోమీటర్లు. పుటిక కొలది మిల్లీమీటర్లు ఉన్న దశకే అండపు పెరుగుదల చాలవరకు ముగియును. ఆ పిమ్మట పెరుగునది ముఖ్యముగా పుటికలోని ద్రవము, చుట్టునున్న కణములు. కావున 16 మిల్లీమీటర్ల పుటికలోని అండమునకు, 22 మిల్లీమీటర్ల పుటికలోని అండమునకు కొలతలో చెప్పుకోదగిన భేదముండదు. వైద్యులు పుటికను కొలుచుట వ్యర్థమని దీని భావము కాదు. అండము విడుదలకు సిద్ధమగు సమయమును ఆ కొలత సూచించును.

మరి అండము పరిమాణమునకు ప్రాముఖ్యమే లేదా? కలదు. శుక్రకణము తండ్రి క్రోమోసోములను తెచ్చును. కాని ఆహారసంపత్తి దాదాపు తేదు. ఫలదీకరణము తరువాత పిండము నాలుగు నుండి ఎనిమిది కణముల దశకు చేరువరకు, అనగా సుమారు మూడవ దినము వరకు, దాని సొంత జన్యువులు పూర్తిగా పనికి పూనుకొనవు. అంతవరకు అండపు జీవద్రవ్యములోని నిల్వలతోను, మైటోకాండ్రియాలతోను కాలము గడుపవలెను. అందుకే అండము అంత పెద్ద కణము. పెరుగుట పూర్తికాని అండము క్షయకరణ విభజనను ముగింపజాలదు. అరుదుగా కనబడు రాక్షసాండములలో క్రోమోసోములు రెట్టింపుగా ఉండును. అట్టివానినుండి కలిగిన పిండములను గర్భాశయమున ప్రవేశపెట్టరాదని 2011లో ప్రకటితమైన ఇస్తాంబుల్ ఏకాభిప్రాయపత్రము చెప్పినది. కాగా, పెద్దదైనకొలది మేలను సూత్రము ఇక్కడ చెల్లదు.

గర్భధారణకు మరింత ముఖ్యమైనది క్రోమోసోముల సరియైన పంపకము. స్త్రీ తల్లిగర్భములో నున్నప్పుడే ఆమె అండకణములలో క్షయకరణ విభజన మొదలై మధ్యలో ఆగిపోవును. అండము విడుదలయ్యే వేళ మరల సాగును. ఏండ్లు గడచినకొలది ఈ పంపకములో తప్పులు హెచ్చును. ఆ తప్పు స్కానింగులోని మిల్లీమీటర్లలో కనబడదు.

ఒక్క మాట తప్పినందువలన కలుగు నష్టమును గమనింపుడు. “గుడ్డు పెరుగలేదు” అను మాట విన్న యింట నింద అంతయు కోడలిపై పడును. ఆమె గుడ్డు పెరుగుటకని ఏవేవో తినిపింతురు. సంతానలేమికి పురుషుని లోపము కూడ తరచుగా కారణమగును. ఐనను భర్తకు చేయవలసిన సులభమైన శుక్రపరీక్ష మాత్రము వాయిదా పడుచుండును.

మన పటములలోను లోపమున్నది. పుటిక, అండము, శుక్రకణము ఒకే పుటలో కొలబద్ద చూపకుండ ఇంచుమించు సమానముగా గీయబడుచున్నవి. ఉపాధ్యాయులు తరగతిలో ఒక లెక్క చేయింపవచ్చును. నల్లబల్లపై అండమును ఒక సెంటీమీటరు వ్యాసముతో గీసినచో, పుటికకు ఒకటిన్నర మీటర్ల వలయము కావలెను. శుక్రకణపు తల అర మిల్లీమీటరైనను నిండని సుద్దచుక్క. ఈ పటమును ఒకసారి గీచిన విద్యార్థి అండమును, పుటికను మరల ఒకటిగా భావింపడు.

తెలుగులో “పుటిక” యను చక్కని మాట పాఠ్యగ్రంథములలో చిరకాలముగ నున్నది. పత్రికలవారు దానిని వాడుట కష్టము కాదు. “మీ పుటిక 18 మిల్లీమీటర్లున్నది” అని చెప్పినచో స్త్రీకి తన శరీరమును గూర్చి నిజము తెలియును. లేని లోపమునకు దుఃఖింపవలసిన అవసరము తప్పును.